సగం లోడు

లారీ మొత్తం మాట్లాడుకోవాలంటే ఇల్లు అమ్ముకోవాలి. అమ్ముకోవడానికి ఇల్లే ఉంటే నేను లారీ ఎందుకెక్కుతాను? అందుకే సగం లోడు మాట్లాడుకున్నాను. లారీలో ముందు సగం ఇంకెవరిదో సామాను, వెనక సగం నాది. బస్సు ఖర్చు కూడా కలిసొస్తుందని నేనూ మా పిచ్చుకా క్యాబిన్లోనే కూర్చుని వెళ్లేట్టు డ్రైవరుతో ఒప్పందం చేసుకున్నాను.

పిచ్చుక నా కూతురు. ఆరేళ్లది. దాని నాన్న వేరే కాపురం పెట్టుకున్నాక కుట్టుమిషను తొక్కి దాన్ని పెంచుకొస్తున్నాను. పక్క రాష్ట్రంలో బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికింది. పనిచేసే తల్లుల పిల్లల్ని చూసుకోవడానికి అక్కడ ఒక గది, ఒక ఆయమ్మ ఉన్నారని చెప్పగానే జీతం ఎంతని అడక్కుండానే ఒప్పేసుకున్నాను. మా అన్నయ్య మాత్రం, భాష రాని చోటికి ఆడపిల్లని వెంటేసుకుని ఒక్కదానివి ఎలా వెళ్తావని దీర్ఘాలు తీశాడు. భాష వచ్చినచోట ఇన్నాళ్లూ నన్ను ఉద్ధరించిందెవరని అడిగాను. ఆ తర్వాత నోరెత్తకుండా మూటలు మోశాడు, పాపం.

టార్పాలిన్ కప్పే ముందు ఆ ముందు సగం సామాను చూశాను. కలిగినవాళ్లదే. నగిషీల మంచం, నిలువుటద్దం బీరువా, గుడ్డ పట్టీ వేసిన పడక కుర్చీ ఒకటి. కుర్చీని క్యాబిన్ వైపు తిప్పి తాళ్లతో కట్టేసి, పైన ముసుగులా దుప్పటి కప్పారు. దింపేటప్పుడు నావి ముందు దిగుతాయి, వాళ్లవి ఇంకా ముందుకెళ్లి ఊరవతల గోడౌన్లో దించాలట.

డ్రైవరు మంచివాడే. బయల్దేరిన దగ్గర్నుంచీ చెల్లెమ్మా చెల్లెమ్మా అంటూ తన పెళ్లి దగ్గర మొదలుపెట్టి బావమరిది అప్పుల దాకా అన్నీ చెప్పేశాడు. ఈయన నోట్లో నువ్వుగింజ నానదు అనుకున్నాను. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం దాచిపెట్టాడని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. పిచ్చుక సీటు మీద మోకాళ్లేసుకుని, మా వెనకున్న జాలీ కిటికీకి మొహం ఆనించి గుసగుసలాడుకుంటోంది. దానిపాటికది ఆడుకుంటోంది కదా అని నేను కాస్త కళ్లు మూసుకున్నాను. వాసనకి మెలకువ వచ్చింది. నొప్పుల మందు, ఆరని దుప్పటి, తలుపులు తీయని గది. ఎన్నాళ్లుగానో మంచం పట్టిన మనిషి దగ్గర వచ్చే వాసన అది. జాలీలోంచి సన్నగా, చల్లగా లోపలికి వస్తోంది.

"ఎవరితోనే కబుర్లు?" అన్నాను.

"అవ్వతో."

"ఏ అవ్వ?"

"కుర్చీలో అవ్వ. మనింట్లో ఎవరెవరుంటారని అడిగింది. అమ్మా నేనే అన్నా." పిచ్చుక నా చెవి దగ్గరికి వచ్చింది. "అయితే నాకు చోటుంటుందిలే, అంది."

దాన్ని ఒళ్లోకి లాక్కుని జాలీలోంచి చూశాను. లోపల మసక చీకటి. టార్పాలిన్ మీద వాన చప్పుడు. కుర్చీ కనిపించింది. దాని మీద ముసుగులా కప్పిన దుప్పటి ఇప్పుడు అలా లేదు. చలికి కాళ్లు కప్పుకున్నట్టు, సగానికి మడిచి, ఒళ్లో పరిచినట్టు ఉంది.

టీ బంకు దగ్గర లారీ ఆగగానే డ్రైవరుని పక్కకి పిలిచి అడిగాను. ఆయన బుర్ర గోక్కున్నాడు. ఆ సామాను తాలూకు వాళ్లు బాడుగ మొత్తం ముందే ఇచ్చేశారట. ఒకే ఒక్క షరతు పెట్టారట, లారీలో మనుషులెవర్నీ ఎక్కించుకోవద్దని. దొంగల భయం కాబోలనుకుని తను పట్టించుకోలేదట. నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. టార్పాలిన్ ఎత్తి చూపించమన్నాను.

ఆయన పక్క నుంచి తాడు విప్పి, ఓ మూల పైకెత్తాడు. దుప్పటి కిందికి జారిపోయి ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. కానీ గుడ్డ పట్టీ కిందికి సాగి ఉంది... బరువుకి సాగినట్టు. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. పట్టీ మెల్లగా పైకి లేచింది. ఇంకాస్త లేచింది. బిగుతుగా అయింది.

కుర్చీలోంచి ఎవరో లేచారు.

డ్రైవరు టార్పాలిన్ వదిలేసి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తర్వాత దారి పొడుగునా ఆయన నోట ఒక్క మాట లేదు. అక్కడే దిగిపోదామా అనుకున్నాను. మిషనూ మూటలూ వేసుకుని, వానలో, ఊరూ పేరూ తెలియని రోడ్డు పక్కన దిగి ఎక్కడికి పోను? పొద్దున్నే పనిలో చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ మిషను ముందు ఇంకొకరిని కూర్చోబెడతామని ముందే చెప్పారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిచ్చుక తలని నా గుండెలకి అదుముకుని, దాని చెవులు రెండూ మూసి కూర్చున్నాను.

చీకటి పడుతుండగా చేరాం. వరసగా షట్టర్లు వేసిన దుకాణాలు, వాటి వెనక సందులో నేను ఫోన్లో మాట్లాడుకున్న గది. ఒక గది, ఓ మూల వంటగట్టు, నెత్తిన ఒక బల్బు. సామాను దింపుతున్నంతసేపూ పిల్లని చంకనేసుకుని లారీ వెనకే కాపలా కాశాను. నా మిషను, నా పరుపు చుట్ట, నా ట్రంకుపెట్టె, నా గిన్నెల మూట. నాది కాని చెంచా కూడా దిగలేదు. లారీ సందు మలుపు తిరిగి వెళ్లిపోయాక ప్రాణం లేచొచ్చింది. తలుపేసి, గడియ పెట్టి, దారిలో కొన్న బన్ను ఇద్దరం తిన్నాం.

పరుపు పరిచాను. పిచ్చుక గోడ వారగా పడుకుంది. నన్ను ఇటు చివరికి జరగమంది. దిండు తెచ్చి మధ్యలో పెట్టింది.

మధ్యలో ఎవరని నేను అడగలేదు. నొప్పుల మందు వాసన అప్పటికే గదంతా పరుచుకుంది.

ఫోను మోగింది. డ్రైవరు.

"చెల్లెమ్మా, అక్కడంతా బానే ఉందా?"

"ఏమైందన్నా?"

"గోడౌన్ దగ్గర ఆ ఇంటివాళ్లు కాచుకుని ఉన్నారు. సామాను వంక కూడా చూళ్లేదు. దారిలో ఎవరైనా ఎక్కారా అనడిగారు. అబద్ధం చెప్పలేకపోయా. ఓ తల్లీ పిల్లా ఎక్కారు, దిగిపోయారు అన్నా. పెద్దాయన ఏడ్చేశాడమ్మా. నాకు దండం పెట్టాడు. సామాను ఇక గోడౌన్లో వద్దు, ఇంటికే తెచ్చెయ్ అన్నాడు. మీరెక్కడ దిగారో చెప్పబోతే చెవులు మూసుకున్నాడు."

ఫోను పెట్టేశాను. ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ల మీద కోపం, ఆ డ్రైవరు మీద కోపం, బస్సు ఖర్చుకి కక్కుర్తిపడ్డ నా మీద ఇంకా కోపం. మధ్యలో ఉన్న దిండు వైపు తిరిగి చేతులు జోడించాను. దిండు నడిమి భాగం గుంటపడి ఉంది.

"అవ్వా, నాకున్నది ఇదొక్కటే," అన్నాను గుసగుసగా. "ఈ గది తీసుకో. మిషను తీసుకో. దీన్ని మాత్రం నాకొదిలెయ్."

పిచ్చుకని దుప్పటితో సహా ఎత్తుకున్నాను. వెనక్కి చూడకుండా బయటికొచ్చి, తలుపు లాగి, తాళం వేశాను. తాళంచెవి కన్నంలో దూరడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. తెల్లారేదాకా మెట్టు మీదే కూర్చుంటాను. పొద్దున్నే కంపెనీకి వెళ్లి కాళ్లావేళ్లా పడి, ఏ గోడౌన్లోనో ఓ మూల అడుగుతాను. అలా అనుకున్నాక గుండె దడ కాస్త తగ్గింది.

సందులో వాన వెలిసింది. చూరు నుంచి ఒక్కో చుక్కా పడుతోంది.

అప్పుడు వినిపించింది. నా వీపు వెనకే... తలుపుకి లోపల... ఇనప గడియ మెల్లగా జరిగింది. ఖంగుమని పడింది.

పోనీలే, అనుకున్నాను. గది తీసుకోమన్నాను, తీసుకుంది. పిల్ల నా దగ్గరే ఉంది, అంతే చాలు. దాన్ని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. నిద్రపోయిందనుకున్నాను గానీ పోలేదు. కళ్లు విప్పార్చుకుని తలుపు వంకే చూస్తోంది. మధ్యాహ్నం నుంచీ ఇంత జరిగినా బెదరని పిల్ల, ఇప్పుడు నా జాకెట్టు గుప్పిట బిగించి పట్టుకుంది.

"పడుకో తల్లీ. అవ్వ లోపల ఉందిలే. మనం ఇక్కడ ఉందాం."

"అవ్వ లోపల లేదమ్మా."

"మరి?"

"మనతోపాటే బయటికొచ్చేసింది. నీ పక్కనే కూర్చుంది." పిచ్చుక గొంతు ఇంకా తగ్గించింది. "గడియ వేసిందెవరో అవ్వకీ తెలీదంట."

తలుపు అవతల ఎవరో పరుపు చుట్టి గోడవారకి ఈడుస్తున్నారు. నా ఎడమ మోచేతికి ఆనుకుని, చల్లగా, ఎవరో వణుకుతున్నారు.