రాజమండ్రి వెళ్లొచ్చిన కారు

"డ్రైవర్ ఎక్కడండీ?" అని అడిగాడు శశికిరణ్, కారు తాళాలు చేతిలో పట్టుకుని, ఆమె భుజం మీదుగా సందులోకి చూస్తూ.

"మీ ముందటనే ఉన్నది," అంది సంహిత.

నాంపల్లిలోని ఇంటి నుంచి ఆబిడ్స్‌లోని అతని అపార్ట్‌మెంట్‌కి నడిచొచ్చేసరికి వాన ఆమెను సగం తడిపేసింది. మొహం చున్నీతో తుడుచుకుని చేయి చాపింది. అతను తాళాలు ఇవ్వలేదు. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి ఆఫీసులో బుకింగులు చూస్తుందేమో అనుకున్నానని నసిగాడు. ఆఫీసంటూ ఏదీ లేదని, బుకింగ్ తీసుకునేదీ బండి నడిపేదీ తనేనని ఆమె చెప్పింది. ఇలా చెప్పుకోవడం ఆమెకు అలవాటే.

సంహిత ఒకప్పుడు కార్ల షోరూంలో అకౌంట్స్ చూసేది. వేరే ఊరివాళ్లు కొన్న కారును అక్కడికి చేర్చడానికి నమ్మకమైన మనిషి దొరక్క షోరూం వాళ్లు తల పట్టుకోవడం రోజూ చూసేది. చివరికి నెల జీతం వదిలేసి ఆ పని తనే మొదలుపెట్టింది. ఎవరి కిందా నౌకరీ కాదు. ట్రిప్పు ఉంటే సంపాదన, లేకపోతే లేదు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన తండ్రి వామన్‌రావు వద్దనలేదు, అలాగని సరే అనీ అనలేదు. కూతురి ఫోన్ మోగని రోజుల్లో మాత్రం పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు.

కారు చుట్టూ తిరిగి ప్రతి గీతనూ ఫొటో తీసింది సంహిత. అప్పగించేచోట పేచీ రాకుండా అది ఆమె పద్ధతి. వెనక తలుపు మీది పెద్ద సొట్ట దగ్గర ఆగి, ఇది ఎప్పటిదని అడిగింది.

"అది నాన్నగారిదండి."

సొట్ట గురించి అంత గౌరవంగా మాట్లాడిన కస్టమర్‌ను ఆమె అంతవరకూ చూడలేదు.

తండ్రి పోయి ఏడాదైందట. అతనికేమో డ్రైవింగ్ రాదు. కారు ఊరికే దుమ్ము పట్టిపోతోందని రాజమండ్రిలో ఉన్న చెల్లెలు భవ్యకు పంపిస్తున్నాడు. ఈ ఒక్కసారికి తనూ వెంట రావచ్చా అని అడిగాడు. దారిలో ఎవరినీ ఎక్కించుకోనని, మొదటి నుంచీ తన నియమం అదేనని సంహిత చెప్పింది. అప్పుడిచ్చాడు తాళాలు. మలుపు తిరుగుతూ అద్దంలో చూస్తే, గొడుగైనా లేకుండా వానలోనే నిలబడి ఉన్నాడు.

సూర్యాపేటలో చాయ్‌కి ఆగి చూసుకుంటే వరసగా అతని మిస్డ్ కాల్స్. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తనని చెప్పడం మర్చిపోయింది. తిరిగి చేస్తే, కారు ఎలా ఉందని అడిగాడు.

"మంచిగున్నది. ఫోన్ దానికియ్యాల్నా, మాట్లాడుతరా?"

అటు నుంచి నవ్వు వినిపించింది. చాలాకాలం వాడని వస్తువును బయటికి తీసినట్టున్న నవ్వు. ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా తనే ఫోన్ చేసింది సంహిత. ఎందుకు చేస్తున్నానన్న సంగతి ఏలూరు దాటాక గానీ ఆమెకు తట్టలేదు.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్ వచ్చింది. భవ్య వాళ్లింటి దగ్గర కారు పెట్టే జాగా లేదట, తిరిగి తెచ్చిపెట్టమన్నాడు. తెచ్చింది. దసరా వెళ్లాక జాగా దొరికింది, తీసుకెళ్లమన్నాడు. ఈలోగా తాళాలు తీసుకోవడానికనీ, తారీఖు మాట్లాడుకోవడానికనీ ఆబిడ్స్‌లోని అతని కళ్లద్దాల షాపుకి ఆమె వెళ్లడం, అక్కడి నుంచి ఇద్దరూ మొజంజాహీ మార్కెట్‌కి నడిచి ఐస్‌క్రీం తినడం మామూలైపోయింది. ఒకసారి సీతాఫలం ఐస్‌క్రీం కప్పు ఆమె ముందుకు జరిపి, నడుం నొప్పి తగ్గిందా అని అడిగాడు. ఆ నొప్పి మాట ఎప్పుడో కోదాడలో చాయ్ తాగుతూ ఫోన్‌లో అన్నది. సంహిత తల వంచుకుని, అవసరమైనదానికంటే ఎక్కువసేపు చెంచాతో ఐస్‌క్రీం కలిపింది.

ఒకే కస్టమర్ మళ్లీ మళ్లీ పిలుస్తున్నాడని ఇంట్లో చెప్పినప్పుడు వామన్‌రావు పేపర్ పక్కన పెట్టాడు.

"మల్ల మల్ల పిలుస్తున్రంటే నీ పని మంచిగున్నట్టే బిడ్డా," అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం ఆమె ఎంతగా ఎదురుచూసిందో ఆయనకు తెలియదు.

దసరా తర్వాత కారు చేర్చినప్పుడు భవ్య ఆమెను లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. మాటల్లో నవ్వేసి అసలు సంగతి చెప్పింది. మొదటిసారి కారు తామే అడిగారు. తర్వాత రాకపోకలన్నీ అన్నయ్య ఏర్పాట్లే. తమ ఇంటి ముందు రెండు కార్లు హాయిగా పడతాయి.

"మిమ్మల్ని చూడాలని అన్నయ్య తాపత్రయమండీ ఇదంతా," అంది మురిపెంగా.

సంహిత కాఫీ కప్పు పక్కన పెట్టి లేచింది.

మర్నాడు స్టేషన్ నుంచి సరాసరి షాపుకి వెళ్లింది. శశికిరణ్ నవ్వుతూ లేచాడు. ఆమె కూర్చోలేదు.

"నేను నచ్చితే నచ్చిన్నని చెప్పాలె. లేని పని పుట్టిచ్చి పిలుసుడేంది? నా పని చూసే పిలుస్తున్రని మా బాపుకు చెప్పుకున్న. ఆయన నమ్మిండు. ఇప్పుడాయనకు ఏం చెప్పాలె?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

తర్వాత అతని ఫోన్లు వస్తే ఎత్తలేదు. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి. ఆగినందుకు కూడా బాధే అనిపించింది. హైవే మీద చాయ్‌కి ఆగితే ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం. చాయ్ చప్పగా ఉండేది.

అలాంటి రోజుల్లోనే కాచిగూడ నుంచి స్వర్ణ అనే టీచర్ పిలిచింది. విజయవాడకు బదిలీ అయిందట, కారు చేర్చాలి. నంబర్ ఎవరిచ్చారని సంహిత అనుమానంగానే అడిగింది. పోయిన ఏడాది సంహిత నాగపూర్‌కి కారు చేర్చిన వాళ్లు తన స్నేహితులని, గీత పడకుండా తెచ్చిందని వాళ్లు చెప్పారని అంది స్వర్ణ. సంహిత ఫోన్ పెట్టేసి కాసేపు ఊరికే నవ్వుకుంది. తన పని తన కాళ్ల మీదే నిలబడి ఉంది. అది రూఢి అయ్యాక, కోపాన్ని ఇంకా మోయాలనిపించలేదు.

విజయవాడ బయల్దేరిన రోజు సూర్యాపేటలో ఆగి ఆమే ఫోన్ చేసింది.

"రేపు పగటి బండికి విజయవాడ నుంచి ఎల్తున్న. ఏమన్న చెప్పేదుంటే ఆడికి రండ్రి. మీ టికెట్టు మీరే కొనుక్కోవాలె."

మర్నాడు ప్లాట్‌ఫారం మీద శశికిరణ్ ఆమెకంటే ముందే ఉన్నాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చేసరికి చొక్కా నలిగిపోయింది. రైలు కదిలి ఊరు వెనకపడ్డాక ఆమె వైపు తిరిగాడు.

"మిమ్మల్ని చూడాలని ఉందని చెప్పే ధైర్యం లేక మీ పనిని అడ్డం పెట్టుకున్నానండి. దాని విలువ తీసేస్తున్నానని తట్టలేదు. ఇప్పుడు పంపడానికి కారు కూడా లేదు. చూడాలని ఉంది, వచ్చేశాను."

"మొదాలే గిట్ల చెప్తే ఏమైతుండె?"

"కారెక్కుతానంటేనే ఒప్పుకోలేదు కదండీ మీరు."

సంహితకు నవ్వాగలేదు. కిటికీ పక్కన తన బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ జాగా అతనికి చూపించింది.

నాంపల్లిలో దిగేసరికి వాన. ట్రిప్పు నుంచి వచ్చే కూతురి కోసం వామన్‌రావు పెద్ద గొడుగుతో వచ్చి ఉన్నాడు. సంహిత పరిచయం చేసేలోగానే శశికిరణ్ నమస్కారం పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. మీ అమ్మాయిని మళ్లీ మళ్లీ పిలిచింది నేనే, మొదటిసారి తప్ప కారుకు ఆ అవసరం లేదు, అవసరం నాదే అన్నాడు.

వామన్‌రావు కూతురి మొహం చూశాడు. అక్కడ దాచుకున్నదేమీ లేదు.

"బండి తోలుడు వస్తదా?" అని అడిగాడు చివరికి.

"రాదండి."

"నాకూ రాదు," అంటూ ఆయన గొడుగు కొంచెం అటు జరిపాడు. "మా ఇంట్ల తోలేది ఆమెనే. మనం ఎనక కూసుందాం గని, రండ్రి, చాయ్ తాగి పోదురు."