బావ తీసేసిన కెప్టెన్

"నాకు కాఫీ వద్దక్కా!"

ఆ మాట వినగానే లీలాకుమారి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. తమ్ముడు రఘునాథ్ తన ఇంటికొచ్చి కాఫీ వద్దనడమా! పెళ్ళిచూపులకి వెళ్ళి, పిల్లని చూడకముందే రెండు కాఫీలు తాగినవాడు! ఏదో ఘోరం జరిగింది... చిలకలగూడలో అమ్మకి ఒంట్లో బాగాలేదా? మరదలు నీహారికతో గొడవపడి వచ్చేశాడా?

"ఏమైందిరా? నా గుండె ఆగిపోయేలా ఉంది, చెప్పు!"

"ఏమవ్వాలి? బావ నన్ను జట్టులోంచి తీసేశాడు! కెప్టెన్‌ని! నన్ను!" అంటూ రఘునాథ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆఫీసు నోటీసు బోర్డు మీద పేర్లు పెట్టించాడక్కా. నిన్న మొన్న చేరినవాళ్ళ పేర్లున్నాయి. నా పేరు లేదు."

లీలాకుమారికి కళ్ళు తిరిగాయి. పాపం, ఆ ఇల్లాలు ఈ రగ్బీ ఆట వల్ల పడ్డ కష్టాలు ఒకటా రెండా! భర్త సాయిబాబు తుని నుంచి చదువుకని కలకత్తా వెళ్ళి, చదువు అక్కడే వదిలేసి ఈ ఆట పట్టుకొచ్చాడు. పెళ్ళిలో అలకపాన్పు మీద అల్లుడు స్కూటరడుగుతాడో, వాచీ అడుగుతాడో అని లీల తండ్రి జోగారావు గుండె చిక్కబట్టుకుని నుంచుంటే, "కలకత్తా నుంచి ఒక బంతి తెప్పించండి చాలు" అన్నాడు. తీరా తెప్పిస్తే అది కోడిగుడ్డు ఆకారంలో ఉంది! కలకత్తావాళ్ళు సొట్టబంతి అంటగట్టారని పెళ్ళివారంతా జోగారావు మీద జాలిపడ్డారు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి సికింద్రాబాద్ కార్ఖానాలో స్కూలు డ్రిల్లు మాస్టారి ఉద్యోగం... ఊళ్ళో చూస్తే సాఫ్ట్‌వేర్ పిచ్చి. మొన్న పక్కింటివాళ్ళ శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు కంటే అతని కంపెనీ పేరే పెద్దక్షరాల్లో వేశారు! అలాంటి రోజుల్లో భగవంతుడు ఒక దారి చూపించాడు. రఘునాథ్ మేనేజరుగా ఉన్న మాదాపూర్ కంపెనీకి పనులిచ్చేది న్యూజిలాండ్‌వాళ్ళు. వాళ్ళకి రగ్బీ అంటే ప్రాణం. వాళ్ళ మెప్పు కోసం కంపెనీ ఒక జట్టు కట్టింది. లీలాకుమారి తమ్ముడి గడ్డం పట్టుకుని బతిమాలితే, సాయిబాబుని ఆ జట్టుకి కోచ్‌గా పెట్టించాడు. సాయిబాబు స్కూలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. జీవితంలో మొదటిసారి, ఆటే అతని ఉద్యోగం! మీ ఆయనేం చేస్తారని ఎవరైనా అడిగితే మాట మార్చే లీలాకుమారి, ఇప్పుడు "సాఫ్ట్‌వేర్ కంపెనీలోనండీ" అని చెప్పి, ఇంకో ప్రశ్న రాకముందే అక్కణ్ణుంచి వెళ్ళిపోయేది.

"వచ్చే ఆదివారం మిలిటరీ జట్టుతో మ్యాచి. న్యూజిలాండ్ నుంచి మా పెద్దలొస్తున్నారు. వాళ్ళ ముందు నేను గట్టు మీద కూర్చోవాలా? బావకి చెప్పక్కా. నన్ను ఆడించకపోతే ఒకటో తారీకు నుంచి ఆయన రానక్కర్లేదు!" అని రఘునాథ్ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

లీలాకుమారి గోడకి జారగిలపడి బావురుమంది. మూల పీట మీద బీరకాయలు చెక్కు తీస్తున్న అత్తగారు లోవమ్మ తలెత్తి చూసింది.

"ఏడుపు తరవాత ఏడుద్దువుగాని. మావోడు ఎందుకు తీసేసేడో అడిగేవేటే?"

"ఎందుకైతే ఏమిటత్తయ్యా! అన్నం పెట్టే చెయ్యిని నరుక్కుంటారా ఎవరైనా?"

సాయంత్రం సాయిబాబు బురద బూట్లతో గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, లీలాకుమారి ఎదురెళ్ళింది. "ఏవండీ! మా పుట్టింటివాళ్ళ ముందు నా తల తీసేశారు కదండీ! వాడు మీకేం అపకారం చేశాడని?"

"ఆడలేడు" అన్నాడు సాయిబాబు.

"ఎందుకాడలేడు? ప్రాక్టీసులో వాడే అందరికంటే ఎక్కువ పాయింట్లు కొడుతున్నాడట!"

"ఆడలేడు లీలా."

అంతే! ఆ మనిషి మాటలు అంత పొదుపు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఎన్ని వంటలు వండిపెట్టింది... గుత్తివంకాయకైనా పులిహోరకైనా "ఉప్పు సరిపోయింది" అనడమే తప్ప బాగుందన్న పాపాన పోలేదు. కోచ్‌లు పొగిడితే ఆటగాళ్ళు పాడైపోతారట! తను ఆటగత్తెనా? ఆ కోపమంతా కలిపి లీలాకుమారి ముసుగుతన్ని పడుకుంది. సాయిబాబు తనే కంచం పెట్టుకుని తిని, చెయ్యి కడుక్కుని, "రేపు పొద్దున్న గ్రౌండుకి రా. నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని" అన్నాడు.

కొత్తగా పెళ్ళయినప్పుడు ఒకసారి గ్రౌండుకెళ్ళి, భర్త ముక్కులోంచి రక్తం కారడం చూసి మూర్ఛపోయింది లీలాకుమారి. మళ్ళీ అటు తొంగిచూడలేదు. అయినా తమ్ముడి కోసం వెళ్ళింది. వాళ్ళ ఆఫీసువాళ్ళుంటారు కదా అని వెంకటగిరి చీర కట్టుకుంది.

ప్రాక్టీసు మొదలైంది. రఘునాథ్ సొట్టబంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. ఆహా! ఏం పరుగు! ఒక్కడు పట్టుకోగలిగితే ఒట్టు! సికింద్రాబాద్ ట్రాఫిక్ అంబులెన్సుకి కూడా ఇవ్వనంత దారి అతనికి దొరికింది. తిన్నగా వెళ్ళి గీత దాటి బంతి నేలకి ఆనించి పాయింట్లు కొట్టాడు. లీలాకుమారి చప్పట్లు కొట్టి, పక్కనే నీళ్ళు తాగుతున్న కల్యాణ్ అనే ఆటగాణ్ణి అడిగింది.

"చూశావా నాయనా! ఆయన్ని ఎవరూ పట్టుకోలేకపోతున్నారు!"

"పట్టుకోలేక కాదు మేడమ్" అన్నాడు కల్యాణ్ గొంతు తగ్గించి. కోచ్‌గారి భార్య అని తెలుసు గానీ, మేనేజరుగారి అక్క అని అతనికి తెలియదు. "ఏప్రిల్‌ల అప్రైజల్ ఉంది. రేటింగ్ ఇచ్చేది సారే. సార్ కాళ్ళు పట్టి గుంజితే మా ఇంక్రిమెంట్ సుత కింద పడ్తది. అందుకే జెర పక్కకు జరుగుతం."

లీలాకుమారి చప్పట్లు కొట్టిన చేతులు వెనక్కి పెట్టుకుంది. వెనక నుంచి సాయిబాబు వచ్చి పక్కన నుంచున్నాడు.

"విన్నావుగా? వీడింతవరకు ఒక్కసారి కూడా పడలేదు లీలా. ఈ ఆటలో ముందు నేర్చుకోవలసింది పడటం. మిలిటరీ కుర్రాళ్ళు వీడి కింద ఉద్యోగం చెయ్యట్లేదు. పడటం రానివాణ్ణి వాళ్ళ మీదకి పంపిస్తే మెడ విరుగుతుంది."

"ఆ ముక్క వాడికే చెప్పొచ్చుగా!"

"చెప్తే ఈ కుర్రాళ్ళ మీద పడతాడు. నామీద కోపమొస్తే పోయేది నా ఒక్కడి ఉద్యోగమే కదా."

అయ్యో! తన తమ్ముడి మెడ కోసం, ముక్కూమొహం తెలియని పిల్లల ఇంక్రిమెంట్ల కోసం, జీవితమంతా ఎదురుచూసిన ఉద్యోగాన్నే వదులుకోవడానికి సిద్ధపడ్డాడా ఈ మనిషి! నిన్న రాత్రి ఈయనకా తను అన్నం వడ్డించలేదు... లీలాకుమారి కళ్ళు ధారగా కురిశాయి.

అంతలో రఘునాథ్ రొప్పుతూ వచ్చాడు. "చూశావుగా అక్కా? ఇప్పుడు చెప్పు బావా, ఆఖరిసారి అడుగుతున్నాను. ఆడిస్తావా లేదా?"

సాయిబాబు నేల చూశాడు. లీలాకుమారి తమ్ముడి వంక చూసింది. చంకలో బంతి, మొహంలో ఆ ధీమా... చిన్నప్పుడు ఆదివారం తలంటు వేళకి కుంకుడురసం చూడగానే తువ్వాలుతో వీధిలోకి పారిపోయే మొహమే అది! ఇంట్లో ఎవరికీ దొరికేవాడు కాదు, ఒక్క తనకి తప్ప. ఆమె కళ్ళు తుడుచుకుని కొంగు నడుముకి బిగించింది.

"రఘూ! నాకు దొరక్కుండా ఆ గీత దాటు. దాటితే మీ బావ నిన్ను ఆడిస్తారు. నాదీ పూచీ."

"నీకా!" అని పడీపడీ నవ్వాడు రఘునాథ్. నవ్వుతూనే పరుగు తీశాడు. దారిచ్చే అలవాటున్న జనం మధ్య పరిగెత్తడమే తప్ప అతనికి పక్కకి తప్పుకోవడం తెలియదు. లీలాకుమారి అడ్డంగా ఉరికింది. రెండు మోకాళ్ళ దగ్గర చేతులు చుట్టేసి, భుజం ఆనించి, పాత పట్టు పట్టింది. మేనేజరుగారు ధబ్బున బురదలో పడ్డారు! వెంకటగిరి చీర చర్రున చిరిగింది.

రఘునాథ్ వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాడు.

"కళ్ళు మండుతున్నాయక్కా... అచ్చం కుంకుడురసం పోసినట్టే..."

"నా తండ్రే! దెబ్బ తగిలిందా!" అని లీలాకుమారి ఘొల్లుమని అతని తల ఒళ్ళోకి తీసుకుంది. "నీ అక్కని కనక పడేశానురా! నువ్వు వీళ్ళకి మేనేజరువి. వీళ్ళెలా పడేస్తార్రా నిన్ను?"

రఘునాథ్ మెల్లగా లేచి కూర్చుని జట్టు వంక చూశాడు. అందరూ బూట్ల లేసులు కట్టుకుంటున్నారు, కట్టి ఉన్నవాళ్ళు కూడా.

"అంటే... ఇన్నాళ్ళూ నేను కొట్టినవన్నీ...?"

"ఒకటి మాత్రం అసలుదే సార్" అన్నాడు కల్యాణ్ నమ్మకంగా. "ఆ రోజు వాన పడ్డది. నేను నిజంగనే జారిన."

రఘునాథ్ మొహం మీది బురద తుడుచుకున్నాడు. తర్వాత తల దించుకుని అన్నాడు. "బావా, ఒకటో తారీకు మాట మర్చిపో. ఆదివారం నేను గట్టు మీదే కూర్చుంటాను. సోమవారం నుంచి నన్ను పడెయ్యమను. రేటింగుకీ దీనికీ సంబంధం లేదు, నీహారిక మీద ఒట్టు."

"సోమవారం దాకా ఎందుకు?" అన్నాడు సాయిబాబు. విజిల్ వేశాడు. ఎవరూ చెప్పకుండానే కుర్రాళ్ళందరూ వరసలో నుంచున్నారు. ఎన్నో ఏప్రిల్ నెలల కసి ఆ వరసలో ఉంది! పడేసినవాడు పడేసినట్టే "సారీ సార్" అని, మళ్ళీ వరస చివరికెళ్ళి నుంచునేవాడు.

మధ్యాహ్నం కార్ఖానా ఇంట్లో రఘునాథ్ మంచం మీద బోర్లా పడుకుంటే, లోవమ్మ ఉప్పు వేయించి మూట కట్టి నడుముకి కాపడం పెట్టింది.

"అక్కా..." అని మూలిగాడు. "కాఫీ... రెండు గ్లాసులు!"

లీలాకుమారి వంటింట్లో చిరిగిన చీర మార్చుకోకుండానే పాలు పొయ్యి మీద పెట్టింది. వెనక అలికిడైంది. సాయిబాబు గుమ్మం పట్టుకుని నుంచున్నాడు. ఏదో చెప్పాలనుకుంటున్నాడు... ఏం చెబుతాడు, పాలు పొంగుతున్నాయని చెబుతాడు, అనుకుంది.

"కాళ్ళు పట్టుకునేటప్పుడు తల వాడి ముందువైపు పెట్టకూడదు. వాడి వెనకపక్కకి ఉండాలి. లేకపోతే నీ మెడకి దెబ్బ తగులుతుంది" అన్నాడు. వెళ్ళబోయి వెనక్కి తిరిగి, "కానీ పట్టు... బాగుంది లీలా" అన్నాడు.

బాగుంది! ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు! లీలాకుమారి కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, పాలు నిజంగానే పొంగి పొయ్యి ఆరిపోయింది.