తూకం ముందు రోజు బిర్యానీ

అమ్జద్‌నీ తబస్సుమ్‌నీ కలిపింది ఒక గుర్రం. బాపట్లలో ఓ పెళ్లి ఊరేగింపులో అది ఆమె జడలోని మల్లెపూలు తినేసింది.

"మీ గుర్రానికి టిఫిన్ పెట్టలేదా?" అంది అక్కడ డిగ్రీ చదువుతున్న తబస్సుమ్.

"పెట్టామండి. పూలు మాత్రం తనే చూసుకుంది," అన్నాడు అమ్జద్, కళ్లెం పట్టుకుని.

ఆ మాటలు తర్వాత ఎస్టీడీ బూత్‌లలో సాగాయి.

ఆ గుర్రం తెనాలిలో ఉండే అతని తండ్రి జాన్ సైదాది. పెళ్లికొడుకుల్ని మోసే గుర్రం ఎన్నటికీ పరిగెత్తదు. గుర్రానికి ఆ బాధ లేదు గానీ అమ్జద్‌కి ఉంది. హైదరాబాదు వెళ్లి, పొద్దున్నే రేసుగుర్రాల్ని పరిగెత్తించే పనిలో చేరాడు. రెండేళ్లకి అసలు రేసులో స్వారీ చేసే అవకాశం వచ్చింది, ఆదివారం. దానికి ముందు స్వారీ చేసేవాడికి తూకం. యాభై కిలోలు దాటితే గుర్రమెక్కేది ఇంకొకడు.

పెద్దలు రేపల్లెలో తబస్సుమ్ వాళ్లింట్లో పెళ్లిమాటలు పెట్టింది సరిగ్గా ముందురోజు, శనివారం మధ్యాహ్నం. వీలవుతుందా అని అతణ్ణి ఎవరూ అడగలేదు.

"గుర్రప్పందాలంటే జూదం కదా బాబూ?" అన్నాడు తబస్సుమ్ తండ్రి యాసిన్. ఆయనది బట్టల కొట్టు.

"పందెం కాసేది చూడ్డానికొచ్చినవాళ్లండి. స్వారీ చేసేవాడు కాయకూడదని రూలు."

యాసిన్ మెత్తబడ్డాడు. బిర్యానీ వచ్చింది. పెళ్లిమాటలకొచ్చిన కుర్రాడు పళ్లెం ముట్టకపోతే, ఆ ఇంట్లో సంబంధం వద్దన్నట్టే లెక్క.

పొద్దుటినుంచీ అమ్జద్ తిన్నది అర చెక్క నిమ్మకాయ.

"రోజా ఉన్నావా నాయనా?" అంది తబస్సుమ్ నానమ్మ ముంతాజ్.

"లేదండి." ఉపవాసం ఉన్నానంటే సరిపోయేది. అతనికి తట్టలేదు.

"బిర్యానీ నచ్చలేదా?"

"నచ్చిందండి. అందుకే అటు చూడట్లేదు. రేపు నాకు తూకముంది."

"రెండు ముద్దలు తినరా," అన్నాడు జాన్ సైదా.

"కాటాకి మొహమాటం ఉండదు నాన్నా."

"ఇష్టం లేకపోతే చెప్పెయ్యొచ్చు బాబూ. మేమేం అనుకోం," అన్నాడు యాసిన్, చాలా అనుకుంటూ.

పరదా కదిలింది. తబస్సుమ్ వచ్చి అమ్జద్ పక్కన కూర్చుని, అతని పళ్లెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.

"ఏంటే ఇది?" అన్నాడు యాసిన్.

"ఆకలేస్తోంది నాన్నా. ఈయన తినరంట."

పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఒకే పళ్లెంలో తినేది నికాహ్ అయ్యాకే. ముంతాజ్ పళ్లెం ఇద్దరి మధ్యకీ జరిపింది.

"ముందు రావాల్సిన నికాహ్ వెనకొస్తుంది, అంతేగా. నాయనా, అందులోంచి ఒక్క మెతుకు నోట్లో వేసుకో. అంతకే గుర్రం కూలబడదు."

అమ్జద్ ఒక్క మెతుకు తీసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఈ ఉద్యోగం మానరు కదా?" అంది తబస్సుమ్ తలెత్తకుండా.

"మానను."

"అయితే మీ వంతు ఎప్పుడూ నేనే తినాలి."

"తినండి."

ప్రేమ గురించి వాళ్లు అంతకంటే వివరంగా ఎన్నడూ మాట్లాడుకోలేదు.

సాయంత్రం అతణ్ణి హైదరాబాదు రైలెక్కించడానికి యాసిన్ స్వయంగా స్టేషన్‌కి వచ్చాడు. అన్నం క్యారేజీ తేలేదు. అల్లుణ్ణి ఉత్త చేతులతో పంపడం ఆ ఇంట్లో అదే మొదలు.