బర్రె పేరు మీద రాసిన జబ్బు

"మీ బర్రె చూడి మీదున్నది," అన్నాడు అమరనాథ్.

సబ్బు పట్టుకుని నిలబడ్డ నీల తలెత్తింది. "ఏందీ?"

"చూడి. నాలుగో నెల." అతను భుజం దాకా ఉన్న రబ్బరు తొడుగును లాగి బకెట్లో పడేసి, సబ్బు కోసం చెయ్యి చాచాడు. గౌలిపుర పశువుల దవాఖానకు కొత్తగా బదిలీ మీద వచ్చిన కంపౌండరు అతను. "నిన్న నువ్వే గదా వచ్చి, మా చంద్రి ఐదు నెలల సంది ఎదకొస్తలేదు, జల్ది రమ్మంటివి? చూడి కట్టిన బర్రె ఎదకెట్లొస్తది?"

సబ్బు నీల చేతిలోంచి జారి పేడలో పడింది.

పాలు పోసే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ మాత్రం తెలియదా అంటారేమో. తెలియదు. బర్రెను దున్న దగ్గరికి తోలుకుపోయే పని తండ్రి మొగులయ్య ఒక్కడే ఎవరికీ చెప్పకుండా చేసుకొస్తాడు. పెళ్ళి కాని బిడ్డ ముందు ఆ మాట ఎత్తడం ఆ ఇంట్లో లేదు. చంద్రి పూటకు ఎన్ని పాలిస్తుందో ఇరవయ్యేళ్ళ నీలకు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అది కడుపుతో ఉన్న సంగతి మాత్రం ఆమె దాకా రాలేదు.

అమరనాథ్ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. "నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న. విను. 'బర్రె. ఆరు నెలలకోసారి గూడ సక్కగ ఎదకు రాదు. మేత తగ్గించినా ఒళ్ళొస్తున్నది. మెడ నల్లబడ్డది. గదుమ మీద వెంట్రుకలు మొలుస్తున్నయి.'" తలెత్తి చూశాడు. కళ్ళ నిండా నవ్వు. "బర్రె మెడ నల్లగ గాక గులాబి రంగుంటదా? గదుమ మీద వెంట్రుకల్లేని బర్రెను నేనైతే పుట్టినసంది చూడలే. నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నవా ఏంది?"

"గట్ల గాదు డాక్టర్ సాబ్..."

"డాక్టర్‌ను గాదు, కంపౌండర్‌ను. మరెట్ల?"

నీల మే నెల ఎండలో, చెమటలు కారుతున్నా, ఓణీ కొంగును మెడ చుట్టూ గడ్డం దాకా బిగించి పట్టుకుని నిలబడింది.

అమరనాథ్ చూపు ఆ కొంగు మీద పడింది. నోట్‌బుక్ మీదికి వెళ్ళింది. మళ్ళీ కొంగు మీదికి వచ్చింది. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

తర్వాత అతను ఆ కాగితాన్ని జాగ్రత్తగా చింపి ఆమె ముందు చాచాడు.

"గిది నా దగ్గర ఉండొద్దు," అన్నాడు నెమ్మదిగా. "తీస్కో."

నీల కాగితం గుంజుకుని ఇంట్లోకి పరుగెత్తింది. ఎంత సిగ్గంటే, చంద్రి తాడు విప్పుకుని తనను తొక్కేసినా బాగుండునని అనిపించింది.

పదిహేనో ఏట మొదలైంది ఇదంతా. నెల వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. తర్వాత గదుమ కింద ఒక వెంట్రుక, పక్కన ఇంకొకటి. రోజూ అందరికన్నా ముందు లేచి, ముల్లు తీసే చిమటాతో పీక్కునేది. ఇప్పటికి ఇద్దరు పెళ్ళిచూపులకు వస్తే, ఒకసారి కడుపునొప్పని పడుకుంది, ఒకసారి పిల్లగాడు పొట్టోడని లొల్లి చేసింది. తల్లి లలితమ్మ పొగరనుకుంది. నీలకున్నది భయం. తను కొంచెం కొంచెంగా మగవాడిగా మారిపోతున్నానని భయం. అది ఎవరితో చెప్పుకుంటుంది? కొత్త కంపౌండరు పశువుల రోగాలు సిగ్గు లేకుండా మాట్లాడతాడని విని, చంద్రిని అడ్డం పెట్టుకుని అడిగిచూసింది. అడ్డం పెట్టుకున్నది కాస్తా కడుపుతో తేలింది.

మూడో రోజు అమరనాథ్ మళ్ళీ వచ్చాడు.

"చూడి బర్రెను చూడాలె," అని వాకిట్లోంచే గట్టిగా అన్నాడు. లలితమ్మ వంటింట్లోంచే సరేనంది. కొట్టంలో నీల తల ఎత్తలేదు.

"నవ్వుకున్నవా?" అంది పళ్ళ బిగువున.

"నవ్విన. అబద్ధమెందుకు? గా నవ్వే మూడు దినాల సంది గొంతుల అడ్డం పడ్డది."

"ఎవరికి చెప్పినవ్?"

"ఎవ్వరికి చెప్పలే. మా యాకుత్‌పురా గల్లీల రాహేలక్క అని ఒకామె ఉన్నది, ఆడోళ్ళ దవాఖానల నర్సు. పాలు పోసేటామె ఒకామె వస్తది, డాక్టరమ్మకు చూపియ్యాలె అని ఆమెతోటి అన్న. నీ పేరు చెప్పలే, రోగం గూడ చెప్పలే."

నీల మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "గిది మనుషులకొస్తదా?"

"బర్లకొస్తది, ఆవులకొస్తది. గుడ్లసంచిల నీటి బుడగలైతయి. సూదిమందిస్తం. మనుషులకెందుకు రావొద్దు?" అని, చంద్రి వీపు మీద తట్టాడు. "మందేయించుకునెతందుకు దీనికి లేని సిగ్గు నీకెందుకు?"

"నన్ను బర్రెతోటి పోలుస్తున్నవా?"

"మొదలు పోల్చింది నువ్వే!"

నీలకు నవ్వాగలేదు. అంత నవ్వు తనలో ఎక్కడ దాగి ఉన్నదో ఆమెకే తెలియలేదు.

ఆ మంగళవారం పాలక్యాను రాహేలు ఇంట్లో పెట్టి, ఆమె వెంట దవాఖానకు వెళ్ళింది. డాక్టరమ్మ ముందు కూర్చుని పాలక్యాను సంగతి, వాన సంగతి మాట్లాడింది. చివరికి జాకెట్లోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. "బర్రె?"

నీల తల వంచుకుంది.

"ఎవరు రాశారోగాని, మా హౌస్ సర్జన్ల కన్నా బాగా రాశారు," అంది డాక్టరమ్మ నవ్వకుండా. తర్వాత తలుపు మూసి పరీక్ష చేసింది, రక్తం తీయించింది. వారం తర్వాత విడమర్చి చెప్పింది. అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు. దానివల్లే నెలసరి తప్పడం, ఒళ్ళు రావడం, వెంట్రుకలు. చాలామందికి ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పరు. మాయమైపోతుందని చెప్పలేను గాని మందులతో, నడకతో అదుపులో ఉంటుంది. పిల్లల సంగతి, సమయం పట్టవచ్చు. అప్పుడు దానికీ మందులున్నాయి.

"మరి నేను మొగోన్నైతలేనా అమ్మా?"

డాక్టరమ్మ కలం ఆగింది. "ఎవరన్నారు?"

"ఎవరనలే. నేనే అనుకున్న. ఐదేండ్ల సంది."

డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు ఆడపిల్లవే తల్లీ. ఎప్పటికీ ఆడపిల్లవే."

అక్కడ నీల ఏడ్చిన ఏడుపుకు రాహేలు కూడా ముక్కు తుడుచుకుంది. కాని ఇచ్చిన గోలీల పొట్లం చూసేసరికి ఏడుపు ఠక్కున ఆగింది. దాని మీద ఎర్ర త్రికోణం! ఊరంతా గోడల మీద, బస్సుల మీద కనపడే కుటుంబ నియంత్రణ గుర్తు.

"అమ్మో! నాకు పెళ్ళి గాలే!"

"నెల సరిగ్గా రావడానికి కూడా ఇవే ఇస్తాం. దాచుకుని మింగకు, ఇంట్లో చెప్పు," అంది డాక్టరమ్మ.

నీల చెప్పలేదు. పెట్టె అడుగున దాచింది.

నడవమన్నారు కాబట్టి యాకుత్‌పురా పాలు తనే పోసి వస్తానంది. రోజూ స్టేషన్ మలుపు దగ్గర అమరనాథ్ సైకిలు గొలుసు ఊడేది. రోజూ అక్కడే.

"నీ సైకిల్‌కు గూడ మందేయించు," అనేది నీల.

"దానికి రోగం లేదు. వంక కావాలె, గంతే."

ఒకరోజు వాన జోరందుకుంటే ఇద్దరూ స్టేషన్ రేకు కింద నిలబడ్డారు. కొంగు తడిసి మెడకు అతుక్కుంది. నీల దాన్ని సర్దుకోబోయి ఆగింది. అతను మెడ వంక చూడలేదు, కళ్ళలోకి చూశాడు. రైలొచ్చి వెళ్ళిపోయినా వాన తగ్గలేదు. తగ్గకపోయినా ఇద్దరికీ ఫికర్ లేదు.

ఆషాఢం వచ్చింది. బోనానికి నీల కట్టుకోవాల్సిన పట్టుచీర కోసం లలితమ్మ బిడ్డ పెట్టె తీసింది.

చదువు రాని మనిషే. కాని ఎర్ర త్రికోణం చదవడానికి చదువెందుకు? పొట్లం చేతిలో పట్టుకుని గడప మీద కూలబడింది. సగం గోలీలు ఖాళీ.

"నీలా! ఎవడే వాడు?"

ఆ కేకకు కొట్టంలో చంద్రి కూడా ఉలిక్కిపడింది. నీల నోరు తెరిచేలోగా లలితమ్మే లెక్క తేల్చేసింది. చూడి బర్రెను చూడాలని వారం వారం వచ్చే కంపౌండరు! పక్కింటివాళ్ళను పంపి కబురు పెట్టింది, చంద్రికి ప్రాణం మీదికొచ్చిందని.

అమరనాథ్ అరగంటలో వచ్చాడు, సంచితో, రబ్బరు తొడుగుతో, రొప్పుతూ. "ఆరో నెలల్నే ఈనుతున్నదా? ఏదీ?"

చంద్రి ప్రశాంతంగా నెమరు వేస్తోంది. ఎదురుగా లలితమ్మ చీపురుతో నిలబడింది. వెనక మంచం మీద మొగులయ్య, ముఖం మాడిపోయి కూర్చున్నాడు.

"గీ గోలీలు నువ్విచ్చినవా? ఇంట్లకు రానిస్తే మా కొంపల నిప్పు పోస్తవా? నీ ఆఫీసర్ కాడికే పోతం. నౌకరి ఊడగొట్టిస్తం!"

అమరనాథ్ పొట్లం చూశాడు. ముఖం పాలిపోయింది. నీల వంక చూశాడు. ఆమె కళ్ళు పెద్దవై ఉన్నాయి. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే అతను బయటపడతాడు.

అతను సంచి కింద పెట్టాడు. "కొడితే కొట్టు అమ్మా. గాని, చెప్పాల్సింది నేను గాదు."

నీల అతని ముఖంలోకి చూసింది. ఈ మనిషి తన్నులు తింటాడు, నౌకరి పోగొట్టుకుంటాడు, తన రహస్యం మాత్రం ఇవ్వడు. ఐదేళ్ళు తను మోసిన బరువును అడగకుండానే ఎత్తుకున్నాడు.

ఆమె మెడ మీది కొంగు తీసేసింది. పెట్టెలోంచి ఆ కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"చదువు బాపు."

మొగులయ్య కూడబలుక్కుంటూ చదివాడు. "బర్రె. ఆరు నెలలకోసారి గూడ... ఒళ్ళొస్తున్నది... గదుమ మీద..." ఆగాడు. "గిది చంద్రిది గాదు. చంద్రి కట్టింది గదా. గిది గుడ్లసంచి రోగం. నాకెరుకే. ఏ బర్రెది?"

"బర్రెది గాదు బాపు. నాది."

మొగులయ్య తలెత్తాడు. బిడ్డ మెడ చూశాడు. గదుమ చూశాడు. ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది: చిమటా, భయం, దవాఖాన, గోలీలు ఎందుకిచ్చారో, పిల్లలు ఆలస్యమవుతారేమో అన్న మాటతో సహా. లలితమ్మ చేతిలో చీపురు ఎప్పుడు జారిందో ఎవరూ చూడలేదు.

మొగులయ్య కాగితం మంచం మీద పెట్టాడు. "చంద్రి ఒక్క పూట మేత ముట్టకుంటే మూడుసార్లు దవాఖానకు ఉరికిన. నా ఇంట్ల బిడ్డ ఐదేండ్లు రోగంతోటి తిరిగితే ఒక్కనాడు ఏమైంది బిడ్డా అని అడగకపోతి." కండువాతో ముఖం కప్పుకున్నాడు.

లలితమ్మ బిడ్డ గదుమను రెండు చేతుల్లోకి తీసుకుంది. "పొగరనుకున్న కదనే, నా తల్లీ," అని బోరుమంది.

అమరనాథ్ చప్పుడు చేయకుండా సంచి ఎత్తుకుని గడప వైపు నడిచాడు.

"ఆగు," అన్నాడు మొగులయ్య కండువా తీయకుండానే. "చూడి బర్రెకు వారం వారం చెకింగేంది? ముప్పయ్యేండ్ల సంది బర్లను మేపుతున్న. నాకు ఎరుకలేదా?"

అమరనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "చంద్రికేం లేదు కాకా. చంద్రి మస్తుగున్నది. నేనే బాగలేను. మీరు ఒప్పుకుంటే... నీల ఒప్పుకుంటే..."

ఈసారి నిర్ఘాంతపోవడం నీల వంతు. ఇంత విన్నాక కూడా?

"నోట్‌బుక్ తీయి," అంది చివరికి. "రాయి. పేరు, నీల. వయసు ఇరవై. మెడ నల్లగ. గదుమ మీద వెంట్రుకలు. నెల సక్కగ రాదు. మందు వాడుతున్నది, ఎన్నేండ్లైనా వాడుతది. పిల్లలైతరో కారో ఎరుక లేదు. రాసినవా?"

"రాసిన."

"రేపు నాకు చెప్పలే అనొద్దు. కింద దస్తఖత్ పెట్టు."

అమరనాథ్ నోట్‌బుక్‌ను చంద్రి వీపు మీద ఆనించి దస్తఖత్ పెట్టాడు. తేదీ కూడా వేశాడు. ఈసారి కాగితం చింపలేదు.