సముద్రం దగ్గర మొదలైన గీత

నంద్యాల రైల్వే స్టేషన్‌లో పొద్దున ఆరున్నరకి బెంచీ మీద కూర్చున్న మనిషి ఏడైనా లేవలేదు. టీ అమ్మేవాడు భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. పాయిజన్ నీడిల్.

పోయినవాడు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ మనిషి. కోడ్ నేమ్ 'గువ్వ'. అతని సాక్సులో మడతపెట్టిన మ్యాప్ ఒకటి దొరికింది. చేత్తో గీసింది. లేని రాజ్యం, లేని కొండలు, లేని సరస్సు, లేని నదులు. వీడియో గేముల వాళ్లు గీయించుకునే రకం. వెనకవైపు గువ్వ చేతిరాత: "ఈ రోజు సాయంత్రం నాలుగింటికి కొత్త నది."

ఎనిమిదింటికి ఏజెంట్ ప్రదీప్‌కి చీఫ్ నుంచి ఫోన్.

"మ్యాప్ గీసింది రేష్మా. ఆళ్లగడ్డ అమ్మాయి. ఫారిన్ క్లయింట్‌కి గీస్తోంది. ఆ కంపెనీ భూమ్మీద ఎక్కడా లేదు. అరెస్ట్ ఆర్డర్ పంపుతున్నాను. ఆ అమ్మాయిని తీసుకురా."

"తప్పు మనిషైతే సార్?"

"నీకు ఆ జబ్బు ఇంకా తగ్గలేదా?"

తగ్గలేదు. పోయినేడాది ఇలాంటి ఫోన్ మీదే ప్రదీప్ ఒక టైలర్‌ని పట్టుకెళ్లాడు. పదకొండు రోజుల తర్వాత ఆయన నిర్దోషి అని తేలింది. ఇంటికొచ్చిన టైలర్ మళ్లీ మిషన్ ముందు కూర్చోలేదు. చేతులు వణుకుతున్నాయట. ప్రదీప్‌కి అన్నం కలుపుకునేటప్పుడల్లా ఆ చేతులే గుర్తొస్తాయి.

హెడ్‌క్వార్టర్స్ నుంచి డీకోడింగ్ ఎక్స్‌పర్ట్ జాహ్నవి దిగింది. నల్లద్దాలు, పట్టు కుర్తా, చేతిలో బంగారు పాళీ పెన్ను. ఆమె కారు దిగుతుంటే స్టేషన్ బయట ఆటోవాళ్లు బేరాలు మర్చిపోయారు.

"ఆ ముఠా వాడే పాస్‌వర్డ్ నా దగ్గరుంది. పద," అంది.

ఆళ్లగడ్డలో శిల్పుల ఉలులకి పదును పెట్టే కొట్టు ఖలందర్‌ది. ఆయన కూతురు రేష్మా పైగదిలో బొమ్మలు గీస్తుంది. ప్రదీప్ గేమ్ కంపెనీ మేనేజర్ వేషంలో మెట్లెక్కాడు. వెనకాల జాహ్నవి.

"మీ రాజ్యంలో వానలెట్లున్నాయి?" పాస్‌వర్డ్ విసిరాడు.

రేష్మా వింతగా చూసింది. "రాజ్యం సంగతి తరువాత సార్. ఆళ్లగడ్డలోనే వానల్లేవు. ఎవరు మీరు?"

"నటిస్తోంది," అంది జాహ్నవి.

ప్రదీప్ తీసిన అసలు ఐడీ కార్డు చూసి రేష్మా మొహం పాలిపోయింది. జాహ్నవి అడిగిందే అడిగింది. వాంగ్మూలం నాలుగుసార్లు రాయించింది, నాలుగుసార్లు చించేసింది. గడియారం ఒంటిగంట దాటింది. మళ్లీ టైలర్. మళ్లీ అవే చేతులు.

ఉండబట్టలేక మ్యాప్ తీసి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. "ఇది నువ్వు గీసిందేనా?"

రేష్మా ఒక్క చూపు చూసింది. "నాదే సార్. ఈ రెండో ఏరు మాత్రం నాది కాదు. సరస్సుకి నీళ్లు బయటికి పోయే దారి ఒకటే. యాడ పల్లముంటే ఆడనుంచే పోతాయి. ఏర్లు దారిలో కలుస్తాయి గానీ, ఇట్లా చీలవు."

"మార్చి గీశావేమో?"

"నేను ఏరును సముద్రం కాడ మొదలుపెట్టి కొండకి ఎక్కిస్తా సార్. అట్లయితేనే పాయలన్నీ సరిగ్గా వచ్చి కలుస్తాయి. పాళీ ముందు ఆనిన చోట సిరా చుక్క పడుతుంది. నా చుక్కలన్నీ సముద్రం ఒడ్డునే ఉంటాయి. చూడు."

ప్రదీప్ చొక్కా గుండీ తిప్పాడు. అది మైక్రో కెమెరా. ఫోన్ స్క్రీన్ మీద గీతలు నలభై రెట్లు పెరిగాయి. చుక్కలన్నీ సముద్రం ఒడ్డునే. రెండో నది చుక్క ఒక్కటే సరస్సు గట్టున ఉంది.

జాహ్నవి పకపకా నవ్వింది. "కాకమ్మ కథలు! నదిని ఎవరైనా ఇలాగే గీస్తారు." బంగారు పాళీతో ఫైలు మీద కొండ నుంచి కిందికి గీసింది. సరస్సు దగ్గర ఆగింది. అక్కడ పాళీ మళ్లీ ఆనించి రెండో పాయ లాగింది.

చిక్కటి చుక్క పడింది. ఆకుపచ్చ కలిసిన నీలం. మ్యాప్‌లో రెండో నది రంగు కూడా అదే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు.

జాహ్నవి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అది లిప్‌స్టిక్ కాదు. ట్రిగ్గర్ నొక్కేలోపు రేష్మా సిరాబుడ్డి ఆమె కళ్లల్లోకి విసిరింది. గుండు పైకప్పులో దిగింది. రేష్మా కోసం తెచ్చిన బేడీలు జాహ్నవి చేతులకి పడ్డాయి.

"నాలుగింటి దాకా నన్నిక్కడ కూర్చోబెట్టడమే నీ డ్యూటీ కదా?" అన్నాడు ప్రదీప్.

"ఆ కొత్త నది ఎక్కడో మీకు తెలియదుగా," నీలం మొహంతో నవ్వింది జాహ్నవి.

"సరస్సు ఆకారం క్లయింటే పంపినాడు సార్," అంది రేష్మా. "ఒక్క గీత కూడా మార్చొద్దన్నాడు."

ప్రదీప్ ఫోన్‌లో శాటిలైట్ ఇమేజ్ తెరిచాడు. రేష్మా మ్యాప్‌ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టింది. వెలుగోడు రిజర్వాయర్. జాహ్నవి తన మనుషులకి గుర్తుగా పెట్టిన చుక్క పడింది సరిగ్గా కట్ట మీద. ఆ నది ఇంకా లేదు. నాలుగింటికి కట్ట తెంచి పుట్టించబోతున్నారు.

"దిగువన ఊర్లున్నాయి సార్," అంది రేష్మా. "ఈ టైములో జనమంతా చేలల్లో ఉంటారు."

జాహ్నవిని లోకల్ పోలీసులకి అప్పగించి జీపెక్కారు. దారిలోనే ప్రదీప్ కట్ట మీదికి పోలీసుల్ని పంపాడు. కిలోమీటర్ల పొడవు, వేల రాళ్లు. వాళ్లకేమీ దొరకలేదు. జీపు కట్ట ఎక్కేసరికి మూడూ యాభై ఆరు.

రేష్మా మ్యాప్ పట్టుకుని పరిగెత్తింది. "ఈడ సార్! కట్ట వంకర తిరిగే చోట!"

ఒక రాయి పక్కన మట్టి కొత్తగా ఉంది. రాయి లాగితే లోపల నల్ల సంచి. టైమర్ మీద నలభై సెకన్లు. ప్రదీప్ సంచి ఎత్తుకుని కట్ట దిగి, పైరు లేని చేలోకి పరిగెత్తాడు. బలం కొద్దీ విసిరి బోర్లా పడ్డాడు.

నేల అదిరింది. మట్టి వానలా కురిసింది. కట్ట చెక్కుచెదరలేదు.

చాలాసేపటికి రేష్మా వచ్చి పక్కన కూర్చుంది. "నన్ను పొద్దున్నే తీసుకపోయుంటే ఏమయ్యేది సార్?"

ప్రదీప్ జేబులోంచి ఆమె పేరున్న అరెస్ట్ ఆర్డర్ తీసి చించేశాడు. అతని చేతులు వణుకుతున్నాయి. "నాలుగింటికి మనం నంద్యాల ఆఫీసులో టీ తాగుతా ఉండేవాళ్లం," అన్నాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. రేపు ఆ టైలర్ ఇంటికి వెళ్లాలి. ఏం మాట్లాడాలో తెలియదు, అయినా వెళ్లాలి.

రేష్మా పెన్ను తీసి రెండో నదికి అడ్డంగా కొండలు గీయడం మొదలుపెట్టింది. "సిరా చెరగదు సార్. కొండ పెడితే ఏరు దాటలేదు."

ఫోన్ మోగింది. చీఫ్.

"ప్రదీప్! ఆ అమ్మాయిని తీసుకొచ్చావా?"

"లేదు సార్. ఆ అమ్మాయే నన్ను తీసుకొచ్చింది."