రూటరు మీద దీపాలు

జ్లాత్కా వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు దోన్కా సింకు దగ్గర నిలబడి, ఉప్పూ వెనిగరూ వేసి రాగి చెంబు తోముతోంది. ఎవరైనా దూరప్రయాణం బయల్దేరితే, దారి నీళ్ళలా సాఫీగా సాగాలని గడప ముందు నీళ్ళు కుమ్మరించే చెంబు అది. జ్లాత్కా ఇటలీ నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ అటక మీదే పడి ఉంది.

"పొద్దున్నే దాన్నెందుకు దించారు అత్తయ్యా?" అంది జ్లాత్కా, కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ.

"నల్లబడిందే. ఇంట్లో రాగి నల్లబడితే నాకు ముద్ద దిగదు."

"డాక్టరు మిమ్మల్ని ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. పైగా కుర్చీ ఎక్కారా? పడితే?"

"పడలేదుగా! పడినప్పుడు తిడుదువు గాని, ముందు కాఫీ తాగు. మొహం చూసుకున్నావా? వాడిపోయిన తోటకూర కాడలా ఉంది."

ఉండదూ మరి! ఆ ఇల్లాలికి కంటినిండా నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో. అన్నిటికీ మూలం ఇంట్లో ఇంటర్నెట్. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. పూర్తిగా చచ్చినా బాగుండును, పాడె కట్టి పంపేసేది.

యాంబోల్ ఊళ్ళో ఒక పాత అపార్టుమెంటు, నాలుగో అంతస్తు, రెండు గదుల ఇల్లు. ఉండేది ముగ్గురు ఆడవాళ్ళు: జ్లాత్కా, కూతురు రాలిత్సా, అత్తగారు దోన్కా. జ్లాత్కా మొగుడు ఏనాడో ఇంకొకత్తెను చూసుకుని సముద్రం ఒడ్డున కాపురం పెట్టాడు. దోన్కా మాత్రం కొడుకు వెంట పోకుండా కోడలి దగ్గరే ఉండిపోయింది. "వాణ్ణి కన్నాను గానీ వాడి బుద్ధిని కనలేదు" అనేది అడిగినవాళ్ళతో. ఆ తర్వాతే జ్లాత్కా ఇటలీ బస్సెక్కింది. బొలోన్యాలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, మందులు మింగించి, వాళ్ళ మంచం పక్కనే పడుకుని ఎనిమిదేళ్ళు గడిపింది. వెళ్ళేటప్పుడు రాలిత్సా పళ్ళూడే పిల్ల. తిరిగొచ్చేసరికి తల్లి భుజం దాటి ఎదిగింది. పెంచిందంతా దోన్కాయే.

ఇక చస్తే ఆ బస్సు ఎక్కనని ఒట్టు పెట్టుకుంది జ్లాత్కా. అక్కడ నేర్చిన భాషే ఇప్పుడు కూడు పెడుతోంది. ఇటలీలో వినికిడి యంత్రాలు అమ్మే కంపెనీకి ఇంటి నుంచే ఫోన్లు తీసుకుంటుంది. ముసలివాళ్ళ గోడు ఓపిగ్గా వినడం ఆమెకు కొత్తేం కాదు. కానీ మాట మధ్యలో నెట్ తెగేది. అవతల ఏ తాతగారో "హలో, హలో! అమ్మాయ్, నీ గొంతు పోయిందా, నా చెవి యంత్రం చచ్చిందా?" అని బెంబేలెత్తిపోయేవాడు. పైన అజమాయిషీ చేసే కామెన్ అనే కుర్రాడు సోఫియా నుంచి నెమ్మదిగానే చెప్పాడు: "శుక్రవారం దాకా చూస్తాను జ్లాత్కా గారూ. అప్పటికీ ఇలాగే తెగితే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేయమంటున్నారు."

ఆ శుక్రవారం ఇవాళే. ఈ పని పోతే ఆ ఊళ్ళో ఇంకో పని లేదు. మళ్ళీ అదే బస్సు.

ఆమె చేయని ప్రయత్నం లేదు. వైఫై వద్దని నడవాలోంచి గదిదాకా వైరు లాగించింది. వైరు మార్చింది. కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపి కొత్తగా వేయించింది. నెట్ కంపెనీ మనిషి వచ్చి రూటరు కూడా మార్చాడు. ఆయన ఉన్నంతసేపూ నెట్ బండరాయిలా నిలబడింది. దోన్కా ఆయన్ని కూర్చోబెట్టి జున్ను పెట్టిన బానిత్సా రొట్టె ముక్క మీద ముక్క వడ్డించింది. ఆయన తిని, మీసం తుడుచుకుని, "లైను బంగారంలా ఉందమ్మా, తప్పు మీ కంప్యూటర్దే" అని వెళ్ళిపోయాడు. జ్లాత్కా కూడా అదే నమ్మింది. ఎందుకంటే నెట్ పోగానే ఆమె చేసే మొదటి పని కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టడం. అది కళ్ళు తెరిచేసరికి నెట్ వచ్చేసి ఉండేది. సాయంత్రాలూ ఆదివారాలూ అసలు తెగేదే కాదు. పని గంటల్లోనే ఈ పీడ. తనకు ఎవరి దిష్టో తగిలిందని కూడా అనుకుంది పాపం.

ఆ పొద్దున తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంది. మొదటి ఫోన్లు సవ్యంగానే నడిచాయి. కిటికీలోంచి మిరపకాయలు కాలుతున్న కమ్మటి వాసన వస్తోంది. సెప్టెంబరు నెల కదా, ఊరు ఊరంతా చలికాలానికి కారం లేని ఎర్ర మిరపకాయలు కాల్చి సీసాలకెత్తుకుంటుంది. ఈ ఏడు తమ ఇంట్లో మాత్రం వద్దంది జ్లాత్కా. నిరుడు ఆ వేడికి దోన్కా బాల్కనీలో కళ్ళు తిరిగి పడిపోయింది. "కొట్టులో కొనుక్కుందాం" అంటే, దోన్కా మొహం ఇంట్లో చావు కబురు విన్నట్టయింది.

ఒకావిడ తన చెవిలో ఈల వినబడుతోందని చెప్తుండగా గొంతు ఆగిపోయింది. తెర మీద అదే గుర్తు. నెట్ లేదు.

కంప్యూటర్ ఆపి పెట్టి, సంబాళించుకునేసరికి కామెన్ దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది: "మళ్ళీనా?"

జ్లాత్కా తలుపు తోసుకుని బయటికొచ్చింది. మధ్యాహ్నం బడికి వెళ్ళాల్సిన రాలిత్సా సోఫాలో ఫోన్ పట్టుకుని పడుకుని ఉంది.

"నువ్వేనా? ఆ బొమ్మలు చూసేది ఇప్పుడేనా? పని చేసుకునేటప్పుడు నెట్ ముట్టుకోకని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

"నేను ముట్టుకోలేదు. ఇది నా ఫోన్ నెట్."

"నాకు కథలు చెప్పకు! నా పని పోతే తెలుస్తుంది నీకు, ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో!"

రాలిత్సా లేచి నిలబడింది. "నెట్ తెగితే ఎలా ఉంటుందో నాకు చెప్తావా? ఎనిమిదేళ్ళు మా అమ్మ నాకు తెరలోనే కనబడింది. నువ్వు 'బంగారూ' అనేలోపు తెగేది. నానమ్మ ఒళ్ళో పడి ఏడ్చేదాన్ని. వెళ్ళాలనుంటే వెళ్ళు! ఆ నింద నా మీద వేసి వెళ్ళకు."

"వెళ్తానని ఎవరన్నారు?"

పిల్ల బాల్కనీ తెర వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి పోయింది.

జ్లాత్కాకి అరవడానికి కూడా ఓపిక లేకపోయింది. తిరిగి వచ్చి కూర్చుంది. నెట్ కంపెనీలో ఫోన్ ఎత్తే అమ్మాయి ఎన్నోసార్లు చెప్పిన మాట గుర్తొచ్చింది: "పోయినప్పుడు కంప్యూటర్ని కదపకండి మేడం, ముందు రూటరు మీద దీపాలు చూడండి." ఆ మాట ఎప్పుడూ చెవికెక్కలేదు. నడవా దాకా ఎవరు పోతారు, చేతిలో ఉన్న మీట నొక్కడమే తేలిక.

ఈసారి తలుపు ఓరగా తెరిచి ఉంచింది. ఇంకో ఫోన్ తీసుకుంది. మాట సగంలో ఉండగా మళ్ళీ నిశ్శబ్దం. హెడ్‌ఫోన్ విసిరేసి పరుగెత్తింది.

రూటరు మీద ఒక్క దీపం లేదు. చూస్తుండగానే ఒక్కటి మినుకుమంది, తర్వాత ఇంకొకటి. అది చెడిపోలేదు, అప్పుడే నిద్ర లేస్తోంది. ఎవరో దానికి కరెంటు తీసి మళ్ళీ ఇచ్చినట్టు.

చెప్పుల బీరువా వెనక పాత జంక్షన్ బాక్సు ఉంది. ఎప్పుడో వదులైపోయి, వేలు తగిలితే గలగలలాడుతుంది. రూటరు ప్లగ్గు పక్కనే ఇంకో లావుపాటి ప్లగ్గు ఉంది, వేడిగా ఉంది. దాని వైరు తివాచీ కింద నుంచి బాల్కనీ తెర వెనక్కి పోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది జ్లాత్కా పని.

తెర లాగింది. దోన్కా చిన్న పీట మీద కూర్చుని ఉంది. ముందు మిరపకాయలు కాల్చే కరెంటు కుంపటి ఎర్రగా మండుతోంది. పటకారుతో పట్టుకున్న మిరపకాయ చేతిలో అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా!"

"నీకు ఫోన్లున్నాయి కదే…"

"ఏ ఫోన్లు? మీరా ప్లగ్గు గుచ్చిన ప్రతిసారీ, లాగిన ప్రతిసారీ నా నెట్ చస్తోంది! నెల నుంచి కంప్యూటర్ని తిట్టాను, కంపెనీని తిట్టాను, ఇందాక కడుపున పుట్టినదాన్ని నానా మాటలూ అన్నాను. మీరేమో తలుపు మూయగానే ఇక్కడ దుకాణం పెడుతున్నారా? ఈ ఏడు వద్దన్నానా లేదా? నిరుడు ఇక్కడే పడ్డారా లేదా?"

"పడ్డాను."

"మరి నా మాటకు విలువ లేదా? కొట్టులో సీసా దొరకదా?"

"కొట్టు సీసా పట్టుకుని బొలోన్యా ఎలా వెళ్తావు?" అంది దోన్కా, తల ఎత్తకుండా.

అప్పుడు చూసింది జ్లాత్కా, కుంపటి వెనక గోడకు ఆనించి ఉన్న ఎర్ర గళ్ళ పెద్ద సంచి. ఇటలీ బస్సులో ప్రతిసారీ ఆమెతో వెళ్ళిన సంచి. అందులో సీసాలు, పగలకుండా ఒక్కొక్కటీ ఉన్ని మేజోడులో దూర్చి పేర్చి ఉన్నాయి.

"ఎందుకు దించారు దాన్ని?"

"మొదట మన చలికాలానికనే మొదలెట్టాను. ఇంతలో నువ్వు బొలోన్యాలో ఉన్న గలీనాతో ఫోన్లో అన్నావు. శుక్రవారంతో ఇక్కడ పని పోయేట్టుంది, ఎవరైనా ముసలావిడ ఉంటే చూసిపెట్టు, వస్తానన్నావు. నా చెవులింకా బాగానే ఉన్నాయమ్మా, మీ కంపెనీ యంత్రం నాకక్కర్లేదు."

"నన్నడగొచ్చుగా?"

"నువ్వు నాకు చెప్పావా?"

జ్లాత్కా సంచిలోంచి ఒక సీసా తీసి, మేజోడు సవరించి మళ్ళీ పెట్టింది.

"మొదటిసారి నిన్ను ఖాళీ చేతులతో పంపాను" అంది దోన్కా. "వాడు పోయిన ఏడది. మనసు బాగోక ఒక్క సీసా పెట్టలేదు. అక్కడికెళ్ళి ఫోన్ చేసి, అత్తయ్యా, ఇంటి తిండి వాసన మర్చిపోతున్నానని ఏడ్చావు. అది నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. మళ్ళీ అలా పంపలేను."

"వెళ్ళొద్దని ఒక్క మాట అనలేకపోయారా?"

"ఏ మొహం పెట్టుకుని అనను? నా కొడుకు నిన్ను వదిలి పోయాడు. నేను నీ ఇంట్లో కూర్చుని నీ రొట్టె తింటున్నాను. ఉండవే అని చెయ్యి పట్టుకునే హక్కు కన్నతల్లిది. నా చేతిలో ఏముంది, ఈ మిరపకాయలు తప్ప?"

జ్లాత్కా బాల్కనీ గచ్చు మీద చతికిలబడింది. "నాకు వెళ్ళాలని లేదు అత్తయ్యా. ఈ నెట్ ఇలా తెగుతుంటే వెళ్ళక తప్పదేమోనని భయపడి గలీనాని అడిగాను. అంతే."

దోన్కా కుంపటి వైపు, వైరు వైపు, సంచి వైపు చూసింది. చేతిలో పటకారు జారి కింద పడింది.

"అంటే… నిన్ను తోలేస్తున్నది నేనేనా? నీకోసమని ఇవి కాలుస్తూ నేనే నిన్ను బస్సెక్కిస్తున్నానా?"

మసి చేతులతోనే మొహం కప్పుకుని బావురుమంది. జ్లాత్కా ఆ చేతులు లాగి తన మెడ చుట్టూ వేసుకుంది. "నా తల్లి పోయి ఎన్నేళ్ళయింది? మీరు కాక నన్నాపేది ఎవరు? ఉండమని అనండి. ఒక్కసారి అనండి."

"ఉండవే" అంది దోన్కా వెక్కుతూ. "ఎక్కడికీ పోకు, నా తల్లి కదూ."

రాలిత్సా ఎప్పుడొచ్చిందో, తెర పట్టుకుని నిలబడి ఉంది. "మిరపకాయలు మోసుకొచ్చింది నేనే" అంది. "చెప్పొద్దంది నానమ్మ. నువ్వు వెళ్ళిపోతావనే అనుకున్నానమ్మా."

"ఇందాక అన్న మాటలు మర్చిపోవే. నా నోరు పడిపోను" అంది జ్లాత్కా, కూతుర్ని కూడా కిందికి లాక్కుంటూ. పిల్ల వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టింది. అంత ఎదిగిన పిల్ల కదా, కాళ్ళు పట్టక బాల్కనీ గడప దాటి బయటే ఉండిపోయాయి.

కళ్ళు తుడుచుకుని కామెన్‌కి ఫోన్ చేసింది జ్లాత్కా. "కారణం దొరికింది బాబూ. మిరపకాయలు."

"బాల్కనీలోనా?"

"ఆఁ."

"మా అమ్మ కాలిస్తే మా అపార్టుమెంటు మొత్తానికే ఫ్యూజు పోతుంది" అన్నాడు కామెన్, నవ్వాపుకుంటూ. "వెంటనే ప్లగ్గు మార్చండి. సాయంత్రం దాకా ఒక్కటి కూడా తెగకపోతే పైవాళ్ళకు నేను సర్దిచెప్పుకుంటాను."

జంక్షన్ బాక్సు చెత్తబుట్టలోకి పోయింది. రూటరు గోడకున్న ప్లగ్గులోకి మారింది. కుంపటి వంటింట్లోకి వచ్చింది, దాని ముందు పీట మీద రాలిత్సా కూర్చుంది. దోన్కాకి కుర్చీ వేసి, తొక్క ఒలిచే పని మాత్రం ఇచ్చారు. బడి సంగతి ఆ పూటకు ఎవరూ ఎత్తలేదు. జ్లాత్కా తలుపు బార్లా తెరుచుకుని ఫోన్లు తీసుకుంది. ఒక్కటీ తెగలేదు. ఆఖరి ఫోన్లో ఒక తాతగారు, "అమ్మాయ్, ఇవాళ నా యంత్రం భలే పనిచేస్తోంది" అని మురిసిపోయాడు.

"సోమవారం మామూలు వేళకే లైన్లోకి రండి" అని కామెన్ కబురు పెట్టాక, హెడ్‌ఫోన్ తీసి వంటింట్లోకి వెళ్ళింది. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. బల్ల మీద గళ్ళ సంచి ఖాళీగా పడి ఉంది, సీసాలన్నీ అలమారలో బారులు తీరాయి. దోన్కా పొద్దున తోమిన రాగి చెంబు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. చెంబు నిండా నీళ్ళున్నాయి.

"ఎప్పుడు నింపారు అత్తయ్యా?"

"పొద్దున్నే. శుక్రవారమన్నావుగా. ఎప్పుడు బయల్దేరతావోనని" అంది దోన్కా.

కోడలి మొహం చూడకుండా కిటికీలోని కుండీ మీదికి వంగి, ఆ నీళ్ళన్నీ మెల్లగా జెరేనియం మొక్కకి పోసేసింది.