ఒక్క నిమిషం బావా

కార్డిగన్ రేవు దాటి పెద్ద ట్రౌట్ చేపలు సముద్రం నుంచి టైవి నదిలోకి ఎదురెక్కే జూలై నెల. పగలు అవి రాళ్ల చాటున నక్కి ఉంటాయి. చీకటి చిక్కబడ్డాకే, ఈకలు చుట్టిన గాలానికి నోరు తెరుస్తాయి. టార్చి వెలిగిస్తే పని చెడినట్టే. గెథిన్ మొలలోతు నీళ్లలో నిలబడి గాలం విసురుతున్నాడు. తడి నాచు వాసన. తల మీదుగా గబ్బిలాల రెక్కల చప్పుడు.

కాస్త దిగువన ఎవరో నీళ్లలోకి దిగారు. ఆ దగ్గు ఎవరిదో వెంటనే తెలిసింది. అక్క మొగుడు ఇద్వల్.

"ఆలస్యమైందేం బావా?" గుసగుసగా అడిగాడు గెథిన్.

"నువ్వు చేపలన్నిటినీ బెదరగొట్టాక వద్దామని," చీకట్లోంచి జవాబు.

నవ్వుకున్నాడు. అంతలో దారం బిగిసింది. గాలం కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమంటూ తిరిగింది. ఇంత బరువు అతని చేతికి ఎన్నడూ తగల్లేదు.

అప్పుడే దిగువన ధబ్బుమంది.

"బామ్మర్దీ... కాలు జారింది... చెయ్యియ్యి..."

వెళ్లాలంటే చేపను వదులుకోవాలి.

"వస్తున్నా... ఒక్క నిమిషం బావా..."

"గెథిన్..." గొంతులో నీళ్లు. "గెథి..."

అతను కదల్లేదు. చేప చేతివలలో పడేదాకా కదల్లేదు.

ఆ తర్వాత... నది చప్పుడు ఒక్కటే. పిలిచాడు. టార్చి వేసి ఒడ్డంతా వెతికాడు. ఎవరూ లేరు. చేపను గడ్డిలో పారేసి అక్క ఇంటికి పరిగెత్తాడు. ఏం చెప్పాలో దారిపొడవునా కూడబలుక్కున్నాడు.

మైర్ తలుపు తీసింది.

"అక్కా... బావ మునిగిపోయాడు. నేనెక్కడో ఎగువన ఉన్నా. కేక వినపడలేదు... వినపడుంటే..."

"తాగొచ్చావా? మీ బావ సాయంత్రం నుంచి జ్వరంతో మంచం దిగలేదు."

వెనక మెట్ల మీద, దుప్పటి కప్పుకుని ఇద్వల్. జుట్టు పొడిగా ఉంది. గెథిన్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ వెంటనే ముఖం భగ్గుమంది. తను బావను వదిలేసిందీ నిజమే, అక్క కళ్లలోకి చూస్తూ అబద్ధమాడిందీ నిజమే.

"పెద్దదే పడిందా బామ్మర్దీ?"

ఇద్వల్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి జ్వరంతో కాలిపోతోంది. నోట్లోంచి మాత్రం చల్లటి నది బురద వాసన...

చెవి దగ్గరికి వంగాడు.

"విన్నావుగా."

గెథిన్ తలెత్తలేకపోయాడు.

"ఏమంటున్నాడ్రా?" అంది మైర్.